ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో తప్పుకు చోటివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చినా పది వరుసల ప్రోగ్రామ్ సొంతంగా రాయలేకపోతున్నారన్న విమర్శ ప్రాంగణ నియామకాల కాలం వచ్చిందంటే పత్రికల్లో తప్పకుండా కనిపిస్తుంది. సిలబస్ మార్చాలని కొందరు, కొత్త కోర్సులు పెట్టాలని కొందరు, అసలు ఈ తరానికి శ్రద్ధే లేదని మరికొందరు అంటారు. ఆ విద్యార్థి జీవితంలో మొట్టమొదటి ప్రోగ్రామ్ రాసే గదిలో, అంటే మొదటి సంవత్సరం ల్యాబ్‌లో, ఆ మూడు గంటలూ ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ అడగరు. ఎంటెక్ చదివే రోజుల్లో ఒక విశ్వవిద్యాలయంలో బీటెక్ మొదటి సంవత్సరం వారి సి ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్‌కు బోధనా సహాయకురాలిగా, అందరూ అనే మాటలో చెప్పాలంటే టీఏగా, పనిచేసిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను. అక్కడ నాకు అర్థమైనది ఒకటే. మన ల్యాబ్ విధానం పిల్లలకు తప్పును దాచడం నేర్పుతోంది. తప్పును చదవడం, దాని మూలం వెతకడం, దిద్దుకోవడం నేర్పడం లేదు. ప్రోగ్రామింగ్ అనే విద్యలో అధిక భాగం ఆ రెండో పనే.

టీఏ అంటే ఎవరో పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. గేట్ ప్రవేశ పరీక్ష అర్హతతో ఎంటెక్‌లో చేరినవారికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) నెలకు రూ.12,400 ఉపకార వేతనం ఇస్తుంది. అందుకు ప్రతిగా వారానికి ఎనిమిది నుంచి పది గంటలు విభాగం అప్పగించిన బోధన, పరిశోధన పనులు చేయాలి. ఆ పనుల్లో ల్యాబ్ ముఖ్యమైనది. తరగతిలో పాఠం చెప్పేది ఆచార్యులే, ప్రశ్నపత్రం కూర్చేదీ వారే. పిల్లవాడి తెర మీద ఎర్రటి అక్షరాలు కనిపించిన క్షణంలో పక్కన నిలబడేది మాత్రం టీఏ. విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడో కళ్లారా చూసేది ఆ ఒక్క మనిషే అయినా, చూసినదాన్ని చెప్పుకొనే వేదిక గాని, చెప్పమని అడిగే ఆనవాయితీ గాని మన దగ్గర లేవు.

ల్యాబ్‌లో ఎక్కువగా వినిపించే మాట "మేడమ్, అవుట్‌పుట్ రావట్లేదు" అన్నది. "ఏమంటోంది?" అని అడిగితే "ఎర్రర్ అంటోంది మేడమ్" అంటారు. ఏ వరుసలో, దేని గురించి అంటే మౌనం. ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ చెప్పినదాన్ని చదవవచ్చునన్న ఊహే వారికి ఉండదు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఎంపీసీ చదివి, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కోసం నాలుగు ఐచ్ఛికాల్లోంచి ఒకటి పెట్టడమే చదువనుకుని వచ్చిన పిల్లలకు తప్పు అంటే పోయిన మార్కు. పరీక్షలో ఒకసారి పోయిన మార్కు తిరిగి రాదు కాబట్టి దాని వైపు మళ్లీ చూడవలసిన పనీ లేదు. అందుకే ఎర్రర్ కనపడగానే వారు చేసే మొదటి పని ఆ కిటికీని మూసేయడం. రెండోది, వరుసను చెరిపి మళ్లీ అదే వరుసను టైపు చేయడం. మూడోది, పక్క సిస్టమ్ వైపు మెడ చాచడం. అవేవీ పనిచేయకపోతే అప్పుడు చేయి పైకెత్తుతారు.

కంపైలర్ సందేశాలు కూడా కొత్తవారికి అంత దయగా ఉండవన్నది ఒప్పుకోవాలి. మధ్యలో ఎక్కడో ఒక మూసే బ్రాకెట్ మరిచిపోతే, ప్రోగ్రామ్ చివరి వరుసకు వెళ్లి అక్కడ తప్పుందని చెబుతుంది. తొలి భాగంలో ఒక వేరియబుల్‌ను, అంటే విలువను దాచుకునే పేరును, ప్రకటించడం మరిచిపోతే, కొన్ని కంపైలర్లు దాన్ని వాడిన చోటల్లా ఫిర్యాదు చేసి తెర నింపేస్తాయి. పదహారు ఎర్రర్లు చూసిన విద్యార్థి పదహారు తప్పులు చేశాననుకుని డీలా పడిపోతాడు. మొదటి ఎర్రర్‌ను మాత్రమే చదువు, దాన్ని దిద్దు, మళ్లీ కంపైల్ చేయి, మిగిలినవి ఉన్నాయో లేదో అప్పుడు చూద్దాం అన్న ఒక్క సూచన పిల్లల ముఖాల్లో తెచ్చే తేడా నేను చూశాను. ఈ సూచన మేము వాడిన ల్యాబ్ మాన్యువల్‌లో ఎక్కడా లేదు. అందులో ప్రయోగం పేరు, ఉద్దేశం, అల్గారిదం, ఫ్లోచార్టు, ప్రోగ్రామ్, అవుట్‌పుట్, చివరికి 'ప్రోగ్రామ్ విజయవంతంగా అమలైంది' అన్న వాక్యం ఉంటాయి. మధ్యలో అది అమలు కాని గంటన్నర గురించి ఒక్క మాట ఉండదు.

ఆ గంటన్నరలోనే టీఏకు పెద్ద ప్రలోభం ఎదురవుతుంది. చేయెత్తినవారు పదిమంది, సమయం తక్కువ. పిల్లవాడిని పక్కకు జరగమని, కీబోర్డు లాక్కుని, తప్పు దిద్ది, రన్ చేసి చూపించి ముందుకు వెళ్లిపోవడం ఎంతో సులువు. పిల్లవాడు సంతోషిస్తాడు, ఆచార్యులు సంతోషిస్తారు, ప్రయోగం పూర్తయిన వారి సంఖ్య పెరుగుతుంది. కాని ముగ్గు నేర్చుకుంటున్న పిల్ల చేతిలోని పిండి తీసుకుని మనమే గీతలు పూర్తి చేస్తే వాకిలి నిండుతుంది గాని ఆమెకు చుక్కలు కలపడం రాదు. ల్యాబ్‌లో టీఏ రెండు చేతులూ వెనక్కు కట్టుకుని నడవాలన్నది నా అభిప్రాయం. వేలితో తెరను చూపించవచ్చు, ప్రశ్న అడగవచ్చు, కాగితం మీద గీసి చూపించవచ్చు. కీబోర్డు మాత్రం విద్యార్థిదే. "ఈ వరుస దాటాక దీని విలువ ఎంత ఉండాలనుకుంటున్నావు? ప్రింట్ చేయించి చూడు" అన్న ప్రశ్న అడిగితే సగం మంది మనం అక్కడి నుంచి కదిలేలోపే తప్పు పట్టుకుంటారు. మిగిలిన సగానికి ఇంకా సమయం కావాలి. ఆ సమయం ఇవ్వడానికి మనుషులు సరిపోరన్నది వేరే సమస్య, దాని సంగతి కిందికి వచ్చాక రాస్తాను.

ఎర్రర్ చూపించే తప్పులు ఒక రకంగా మంచివి, కనీసం కనిపిస్తాయి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి ఏ ఎర్రరూ చూపకుండా తప్పు జవాబిచ్చే ప్రోగ్రాములు. ఫారన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు మార్చే ప్రయోగం ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటుంది. పాఠ్యపుస్తకంలోని సూత్రం ప్రకారం 5/9 అని ముందు రాసి, దాన్ని మిగతా భాగంతో గుణించమంటారు. సి భాషలో రెండు పూర్ణాంకాలను భాగిస్తే వచ్చేది పూర్ణాంకమే, దశాంశ భాగం రాలిపోతుంది. కాబట్టి 5/9 విలువ సున్నా, దానితో ఏది గుణించినా సున్నా. ఇందులో చమత్కారం ఏమిటంటే, చాలామంది పరీక్షించడానికి ఇచ్చే మొదటి అంకె 32. నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత అదేనని అందరికీ తెలుసు, జవాబు సున్నా రావాలనీ తెలుసు. సున్నా వస్తుంది, సంతకం పడుతుంది. 212 ఇచ్చి చూస్తే వంద రావలసిన చోట సున్నా వచ్చేది, జ్వరం చూసే థర్మామీటర్ మీది 98.6 ఇచ్చినా 37కు బదులు సున్నాయే వచ్చేది. సరైన జవాబు వచ్చినంత మాత్రాన ప్రోగ్రామ్ సరైనది కాదన్న పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కాని ఒక్క ఇన్‌పుట్, ఒక్క అవుట్‌పుట్, ఒక్క సంతకం అనే మన పద్ధతిలో ఆ పాఠం చెప్పే సందే లేదు.

ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఆ సంఖ్య వరకు అన్నిటినీ గుణిస్తే వచ్చేది) ప్రయోగం ఇంకా విలువైనది. నేటి కంప్యూటర్ల మీద సి భాషలో మామూలు పూర్ణాంకం సాధారణంగా 32 బిట్లు. అందులో పట్టే గరిష్ఠ సంఖ్య 2147483647. 12 ఫ్యాక్టోరియల్ 479001600 కాబట్టి సరిపోతుంది. 13 ఫ్యాక్టోరియల్ నిజానికి 6227020800. అది పట్టదు, తెర మీద 1932053504 అని వస్తుంది. మైనస్ గుర్తు వస్తే ఎవరైనా అనుమానిస్తారు గాని 13 నుంచి 16 వరకు వచ్చే తప్పు విలువలన్నీ ధన సంఖ్యలుగానే కనిపిస్తాయి, 17 దగ్గర గాని మైనస్ బయటపడదు. ఈ లోపల పట్టుకోవడానికి ఆధారాలు లేవా అంటే ఉన్నాయి. 14కు వచ్చిన విలువ 13కు వచ్చినదానికంటే చిన్నది; ఫ్యాక్టోరియల్ తగ్గడమేమిటి? పది దాటిన ప్రతి ఫ్యాక్టోరియల్ చివరా కనీసం రెండు సున్నాలుండాలి, తెర మీది సంఖ్య చివర 04 ఉంది. చివరి సున్నాలు ఎన్ని అన్న లెక్కను ఎంసెట్ కోసం వీళ్లంతా వందసార్లు చేసి వచ్చినవారే. ఆ లెక్కను, ఈ తెరను కలిపి చూడాలని మాత్రం ఎవరికీ తోచదు, ఎందుకంటే కంప్యూటర్ చెప్పినది తప్పు కావడానికి వీల్లేదని వారి నమ్మకం. యంత్రం ఇచ్చిన జవాబును మన బుద్ధితో తూచి చూడటం ఇంజినీరు కాబోయే వారికి మొదటి సంవత్సరంలోనే అలవడాలి. నా బ్యాచ్‌లో ఈ సంఖ్యలను బోర్డు మీద వరుసగా రాసి, "ఇందులో ఎక్కడి నుంచి అబద్ధం మొదలైంది?" అని అడిగిన రోజు గది అంతా గోలగోలగా మారింది. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో అలాంటి గోల మంచిదే.

ఇక రికార్డు సంగతి. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివిన ప్రతివారికీ రికార్డు అంటే తెలుసు. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రామ్, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిలుతో ఫ్లోచార్టు, అట్టలకు బ్రౌన్ పేపరు, సూచికలో తేదీలు, ప్రతి ప్రయోగం కింద సంతకం. అంతకుముందు అబ్జర్వేషన్ పుస్తకంలో రాసినదే మళ్లీ ఇందులోకి ఎక్కించాలి. సెమిస్టర్ చివరి వారంలో హాస్టల్ గదుల్లో ఒక్క రికార్డును మధ్యలో పెట్టుకుని పదిమంది చుట్టూ కూర్చుని తెల్లవార్లూ రాసే దృశ్యం తెలియని పట్టభద్రుడు ఉండడు. సైన్సు ప్రయోగశాలల్లో కొలతలు ఎప్పటికప్పుడు నమోదు చేయడానికి పుట్టిన ఈ పద్ధతిని ప్రోగ్రామింగ్‌కు యథాతథంగా తగిలించడం వల్ల, యంత్రంలో భద్రంగా ఉన్న ప్రోగ్రామ్‌ను చేత్తో కాపీ చేయడం విద్యలో భాగమైపోయింది. చేత్తో రాసిన ప్రోగ్రామ్‌లో సెమికోలన్ పోయినా అడిగే కంపైలర్ లేదు. పైగా ఇందులో ఒక వింత నీతి ఉంది: పక్కవాడి రికార్డు చూసి రాస్తే సంతకం పెడతాం, పక్కవాడి ప్రోగ్రామ్ చూసి టైపు చేస్తే కాపీ అంటాం. రెండింటి మధ్య తేడా ఏమిటని ఒక అమ్మాయి నన్నడిగింది. మర్యాదగానే అడిగింది గాని ఆమె ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, విభాగం దగ్గరా ఉండదనుకుంటాను.

మా ఆచార్యుల అనుమతితో నా బ్యాచ్ వరకు ఒక చిన్న మార్పు చేశాం. అబ్జర్వేషన్ పుస్తకంలో ప్రతి ప్రయోగం చివర సగం పేజీ వదలాలి. అందులో ఆ రోజు ఎదురైన ఒక తప్పును, కంపైలర్ దాన్ని గురించి అన్న మాటను లేదా వచ్చిన తప్పు జవాబును, అసలు కారణాన్ని, దిద్దిన తీరును సొంత మాటల్లో, తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా, రాయాలి. అవుట్‌పుట్ రాకపోయినా ఈ సగం పేజీ సరిగ్గా ఉంటే ఆ రోజు మార్కు ఇస్తాం. మొదటి వారాల్లో కొందరు తప్పును కూడా పక్కవారి దగ్గర చూసి రాశారు. ఇద్దరికీ ఒకే చోట ఒకే ఆంపర్‌సాండ్ (& గుర్తు) తప్పిపోవడం చూసి నవ్వు ఆపుకోవడం కష్టమైంది. అందుకు విరుగుడు కూడా దొరికింది: "ఆ తప్పును ఇప్పుడు మళ్లీ చేసి చూపించు" అని అడగడం. తప్పును కావాలని తెప్పించగలిగినవాడికి అది నిజంగా అర్థమైనట్టే. నెల తిరిగేసరికి నాకు కనిపించిన మార్పు మార్కుల్లో కాదు, నన్ను పిలిచే తీరులో. "అవుట్‌పుట్ రావట్లేదు" అన్న మాట తగ్గి, "మేడమ్, లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోంది, ఎందుకో తెలియట్లేదు" అన్న మాట మొదలైంది. ఈ రెండో వాక్యం అన్న విద్యార్థికి మన సాయం పెద్దగా అక్కర్లేదు.

మాన్యువళ్ల పాతదనం గురించి ఎక్కువ రాయను, అది అందరికీ తెలిసిన బాధే. 1987లో బోర్లాండ్ సంస్థ విడుదల చేసిన టర్బో సి కంపైలర్ నాటి అలవాట్లు, కోనియో హెడర్, తెర తుడిచే క్లియర్ స్క్రీన్ ఆదేశం, చివర్లో గెట్చ్, ఇప్పటికీ మాన్యువళ్లలో కనిపిస్తున్నాయి. ఆ కంపైలర్‌ను నేటి కంప్యూటర్ల మీద నడపడానికి పాత డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనుకరించే మరో సాఫ్ట్‌వేర్ కావాలి. స్ట్రింగ్‌ల (అక్షరాల వరుసల) ప్రయోగంలో గెట్స్ అనే ఫంక్షన్ వాడమంటారు. ఎంత పొడవు ఇన్‌పుట్ వచ్చినా హద్దు చూడకుండా మెమరీలోకి రాసుకుపోయే ఆ ఫంక్షన్ లోపాన్ని కూడా వాడుకుని 1988లో మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రామ్ నాటి ఇంటర్నెట్‌లో వేలాది యంత్రాలను కుంగదీసింది. 2011 నాటి సి ప్రమాణం నుంచి దాన్ని పూర్తిగా తొలగించారు. భద్రత గురించి నాలుగో సంవత్సరంలో ఐచ్ఛిక కోర్సు పెట్టి, మొదటి సంవత్సరంలోనే ఈ అలవాటు నేర్పడం ఏమి తర్కమో తెలియదు.

వైవా ప్రశ్నలు మరో ముచ్చట. ఒకే వరుసలో ఒకే వేరియబుల్‌ను ముందొకసారి, వెనకొకసారి పెంచి కూడితే ఎంత వస్తుందన్నది మన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. సి ప్రమాణం ప్రకారం దానికి నిర్దిష్టమైన జవాబే లేదు, కంపైలర్ ఏ జవాబైనా ఇవ్వవచ్చు. జవాబు లేని ప్రశ్నకు జవాబు బట్టీ పట్టించి, ఆ జవాబు చెప్పలేనివారికి మార్కులు కోయడం కంటే, ఆరు వరుసల చిన్న ప్రోగ్రామ్ చేతికిచ్చి కాగితం మీద ఒక్కో అడుగులో వేరియబుళ్ల విలువలు రాసి చూపించమనడం ఎంతో మేలు. 2004లో రేమండ్ లిస్టర్, ఆయన సహ పరిశోధకులు ఏడు దేశాల విద్యార్థులను పరీక్షించి, కొత్తవారిలో చాలామంది ప్రోగ్రామ్ రాయలేకపోవడానికి ముందు, ఉన్న చిన్న ప్రోగ్రామ్‌ను చదివి అది ఏం చేస్తుందో చెప్పడంలోనే తడబడుతున్నారని గుర్తించారు. కాబట్టి ఇది మన పిల్లల లోపమేమీ కాదు. చదవడం రాకముందే రాయమంటున్న పద్ధతి లోపం.

ఒక సిస్టమ్‌కు ఇద్దరు, కొన్నిచోట్ల ముగ్గురు కూర్చునే ల్యాబుల్లో ఇంకొక విషయం చూశాను. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాడు కీబోర్డు ముందు కూర్చుంటాడు, లేనివాడు పక్కన కూర్చుని అబ్జర్వేషన్ పుస్తకం పట్టుకుంటాడు. అబ్బాయి, అమ్మాయి కలిసి కూర్చుంటే టైపు చేసేది దాదాపు ఎప్పుడూ అబ్బాయే, చక్కగా రాసి పెట్టేది అమ్మాయి. ఎవరి చేతులకు సాధన అవసరమో వారికే అది దక్కడం లేదు. ఇద్దరు కూర్చోవడం దానంతట అది చెడ్డది కాదు. పరిశ్రమలో పెయిర్ ప్రోగ్రామింగ్ పేరుతో కావాలనే అలా పనిచేసేవారున్నారు. అక్కడ ఒకరు టైపు చేస్తుంటే రెండోవారు ఆలోచిస్తూ తప్పులు చూస్తుంటారు, కొంతసేపటికి స్థానాలు మార్చుకుంటారు. ఆ మార్చుకోవడమే కీలకం. ఇరవై నిమిషాలకొకసారి "కుర్చీలు మారండి" అని టీఏ కేక వేస్తే చాలు. మొదట్లో గొణుగుతారు, తర్వాత వారే మారతారు.

భాష గురించి ఒక మాట. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు కంపైలర్ సందేశం రెండు రకాల పరీక్ష: అది సాంకేతికమైనది, పైగా ఇంగ్లిష్‌లో ఉంటుంది. "గట్టిగా చదువు, తర్వాత నాకు తెలుగులో చెప్పు" అని అడిగితే ఎక్కువమంది చెప్పగలరు. అడిగేవారు లేక చదవడం మానేశారంతే. ల్యాబ్‌లో తెలుగులో వివరించడం చిన్నతనమని కొందరు టీఏలు అనుకోవడం నాకు తెలుసు. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో సి భాష పాఠాలు భారతీయ భాషల్లో ఉచితంగా దొరుకుతున్నాయి, 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో బీటెక్‌కు అనుమతి ఇచ్చింది. పూర్తి డిగ్రీ తెలుగులో ఉండాలా వద్దా అన్న వాదన అలా ఉంచినా, సందేహం తీర్చేటప్పుడు పిల్లవాడికి బాగా వచ్చిన భాషలో మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ ల్యాబులకు అర్థమే లేదనే వారున్నారు. నిజమే, మాన్యువల్‌లోని ఏ ప్రయోగానికైనా ప్రోగ్రామ్ ఇప్పుడు క్షణాల్లో దొరుకుతుంది, ఇంకా ఫంక్షన్ల పాఠమే మొదలుకాని విద్యార్థి రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) వాడిన ప్రోగ్రామ్ తెచ్చి చూపిస్తాడు. అయితే ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి తెచ్చాడన్నది నాకు అంత ముఖ్యంగా తోచదు. "ఇది ఆరోహణ క్రమంలో పెడుతోంది కదా, బేసి సంఖ్యలు ముందు వచ్చేలా మార్చు" అని అడిగితే పది నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. పైగా యంత్రం రాసిచ్చిన ప్రోగ్రామ్‌లో తప్పు పట్టగలగడమే రేపటి ఉద్యోగమైతే, తప్పును చదవడం నేర్పే ల్యాబ్ అవసరం ఇదివరకటి కంటే ఎక్కువే.

ఇవన్నీ చేయవలసిన టీఏకు శిక్షణ ఎక్కడుంది? మా అందరికీ మొదటి రోజు అందినవి హాజరు పట్టిక, సిస్టమ్‌ల పాస్‌వర్డు, మాన్యువల్. ఎలా ప్రశ్న అడగాలో, ఎప్పుడు ఆగాలో, ఏడ్చే పిల్ల పక్కన ఏం మాట్లాడాలో (ఏడుస్తారు, అది అంత అరుదు కాదు) ఎవరూ చెప్పలేదు. నాతో చదివి అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లి అక్కడ టీఏలుగా చేసిన మిత్రులు చెప్పేదాన్ని బట్టి, వారి విభాగాల్లో ప్రతి వారం ల్యాబ్‌కు ముందు ఆచార్యులు టీఏలందరినీ కూర్చోబెట్టి ఆ వారం ప్రశ్నను వారి చేత ముందు చేయిస్తారు, విద్యార్థులు ఎక్కడ తడబడవచ్చో చర్చిస్తారు, కిందటి వారం ఎక్కడ తడబడ్డారో అడుగుతారు. ఇందుకు డాలర్లు అక్కర్లేదు, అరగంట కావాలి. ఆ అరగంటలో టీఏ చూసినది ఆచార్యులకు చేరుతుంది, మరుసటి పాఠం ఆ మేరకు మారుతుంది. ఇరవై మంది ఒకే చోట ఆగిపోయారంటే అది ఇరవై మంది తప్పు కాదని, ఆ పాఠాన్ని మరోసారి చెప్పాలని తెలియజేసే దారి మన దగ్గర ప్రస్తుతం లేదు.

కాబట్టి సిలబస్ నిర్ణయించే విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లకు, సొంతంగా సిలబస్ రూపొందించుకునే స్వయంప్రతిపత్తి కళాశాలలకు, రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకు మీ పత్రిక ద్వారా కోరేది ఇది. మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో చేతిరాత రికార్డును తీసేసి, దానికిచ్చే అంతర్గత మార్కులను నేను పైన చెప్పిన తప్పుల పేజీకి, దాన్ని మళ్లీ చేసి చూపించడానికి కేటాయించాలి. చివరి పరీక్షలో మాన్యువల్‌లోంచి చీటీ తీసే పద్ధతికి బదులు, నాలుగైదు తప్పులున్న ప్రోగ్రామ్ ఒకటి ఇచ్చి వాటిని వెతికి దిద్దమనాలి, దానితోపాటు మునుపు చూడని చిన్న ప్రశ్న ఒకటి ఇవ్వాలి. ఉచితంగా దొరికే జీసీసీ వంటి నేటి కంపైలర్‌నే వాడాలి, హెచ్చరికలన్నీ చూపే ఆప్షన్‌ను అన్ని సిస్టమ్‌లలో ముందే పెట్టి ఉంచాలి. పోలికలో రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెట్టడం, ఇన్‌పుట్ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ మరిచిపోవడం వంటి పొరపాట్లు ప్రోగ్రామ్ నడవకముందే కనపడతాయి. టీఏల వారపు సమావేశాన్ని వారికి నిర్దేశించిన గంటల్లోనే లెక్కించాలి, వారు గమనించినవి రాసి ఇవ్వడానికి విభాగంలో ఒక పుస్తకం ఉండాలి. ఎంటెక్ సీట్లు నిండక టీఏలే దొరకని కళాశాలల్లో బీటెక్ మూడు, నాలుగు సంవత్సరాల విద్యార్థుల్లో ఆసక్తి ఉన్నవారిని గౌరవ వేతనంతో తీసుకోవచ్చు. మొన్ననే ఆ తప్పులన్నీ చేసి బయటపడినవారు కాబట్టి "అన్నా", "అక్కా" అని పిలిచి సందేహం అడగడానికి పిల్లలకు భయమూ ఉండదు. రాబోయే విద్యాసంవత్సరం సిలబస్ కోసం బోర్డులు సమావేశమయ్యేలోపు, ప్రస్తుతం ల్యాబుల్లో పనిచేస్తున్న టీఏలను కనీసం ఒక్కసారైనా పిలిచి మాట్లాడితే పైన నేను రాయనివి ఇంకా ఎన్నో వారికి తెలుస్తాయి.

ఇట్లు,
ఎంటెక్ పట్టభద్రురాలు, పూర్వ బోధనా సహాయకురాలు,
హనుమకొండ